తాము తినని బియ్యం

కాలువ కింది చరిత్ర – 11

మిర్యాలగూడలో రైసుమిల్లు మనిషి ఎవరినైనా ఆపి, మీ ఇంట్లో ఏ బియ్యం వండుతారని అడగండి. బీపీటీ అంటాడు, హెచ్‌ఎంటీ అంటాడు, ఈ మధ్య అయితే చింట్లు అంటాడు. ఉప్పుడు బియ్యం అని మాత్రం చచ్చినా అనడు. ఇడ్లీకి నానబోసే రోజు తప్ప ఆ బియ్యం ఆ ఇంటి గడప తొక్కదు. కానీ ఆయన జీతమూ, ఆయన సేటు మేడా, ఊరి చుట్టూ పొగ వదిలే గొట్టాల్లో చాలా మటుకూ ఆ బియ్యం మీద నిలబడ్డవే. గుళ్లో నైవేద్యం వండేవాళ్లు ఉప్పు చూడరు. తినేది తాము కాదు, అయినా రుచి తప్పకూడదు. ఈ ఊరు యాభై ఏళ్లుగా నేర్చుకుంటున్న విద్య అలాంటిదే.

ఒకచోట పండి, ఇంకోచోట ఆడి, మూడోచోట సంచి మారి, సముద్రం దాటి ఎవరి కుండలోనో ఉడికే సరుకు ప్రయాణాన్ని ఆర్థికవేత్తలు గ్లోబల్ వాల్యూ చైన్ అంటారు. పత్రికల వాళ్లం విలువ గొలుసు అని రాస్తున్నాం. ప్రపంచ బ్యాంకు 2020 నాటి ప్రపంచాభివృద్ధి నివేదిక మొత్తం దాని మీదే. ఇలాంటి చర్చల్లో ఫోన్లూ కార్లూ చొక్కాలూ తరచుగా వస్తాయి, వడ్లగింజ అరుదుగా వస్తుంది. మన గొలుసులో ఉన్నది వడ్లగింజే కనుక దాని వెంటే పోదాం.

కిందటి వారం 1967 ఆగస్టు 4 దగ్గర ఆగాం. నాగార్జునసాగర్ కాలువల్లోకి ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన రోజు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. అంతకుముందు ఈ గడ్డ మీద చెరువుల కింద కాస్త వరి, మిగతాదంతా జొన్న, సజ్జ, ఆముదం. ఆముదాన్ని తక్కువగా చూడకండి. నీళ్లు రాకముందే నల్లగొండను సముద్రం అవతలికి కట్టిపడేసిన పంట అది. నిజాం సంస్థానం నుంచి విదేశాలకు పోయే సరుకుల్లో ఆముదపు గింజలు ఉండేవి. 1909లో లండన్ కంపెనీ ఒకటి ఆముదం కలిపిన ఇంజిన్ ఆయిల్ తయారుచేసి, ఇంగ్లీషులో ఆముదానికున్న కాస్టర్ అన్న పేరును విరిచి కాస్ట్రాల్ అని పెట్టింది. ఆ డబ్బాలో నల్లగొండ చుక్క ఉందా అని వెతకడం అనవసరం. గింజ పండినచోట మిగిలేది గింజ ధర, నూనె తీసి డబ్బాకెత్తి పేరు పెట్టినచోట మిగిలేది మిగతా అంతా. ఈ లెక్క వడ్ల కాలంలో ఎంత మారిందో, ఎంత మారలేదో ఈ వారం చూడబోతున్నాం.

కాలువ నీళ్ల వెంట మనుషులు కూడా వచ్చారు. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదెకరాలు కొన్నారు. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ వాళ్ల ఊళ్లు వెలిశాయి. ఆ వలస రాజకీయం మీద చెప్పాల్సింది చాలా ఉంది, అది మరో భాగానికి. ఇక్కడ మనకు కావలసింది వాళ్లు మూట కట్టుకొచ్చిన పనితనం. మాగాణి దమ్ము చేయడం, నారు వయసు చూడడం, మిల్లుకు ఏ వడ్లు ఎప్పుడు తోలాలో తెలియడం డెల్టాలో తరాల నుంచి ఉన్న విద్యలు. జొన్నచేల మీద పెరిగిన స్థానిక రైతు వాటిని గట్టు మీద నిలబడి చూసి, పక్కచేలో కూలికి పోయి, పదేళ్లలో ఒంటబట్టించుకున్నాడు. ఏ శిక్షణ కేంద్రమూ రాసుకోని పాఠం అది.

మొదట వచ్చినవి హల్లర్ మిల్లులు. ఆ మాట ఊళ్లలో ఎంత పాతదంటే తెలుగు మాటే అనిపిస్తుంది. 1885 ప్రాంతంలో బ్రెజిల్‌లో ఎవరిస్టో కాన్రాడో ఎంగెల్‌బెర్గ్ అనే ఆయన కాఫీ గింజల పొట్టు తీయడానికీ వడ్లు దంచడానికీ పనికొచ్చే యంత్రం చేశాడు. అమెరికాలోని సిరక్యూస్‌లో దాన్ని పోతపోసి ప్రపంచమంతా అమ్మారు. ఇనుప గొట్టంలో తిరిగే ఇనుప రోలు, అంతే. ఊకా తవుడూ ఒకటిగా కలిసి వస్తాయి, బియ్యం విరుగుతాయి, అయినా ఊళ్లో రోకలి పోటు తప్పించింది గనుక ఆడవాళ్లు దానికి దండం పెట్టారు. 1958లో కేంద్రం రైసుమిల్లుల నియంత్రణ చట్టం తెచ్చింది. ఆ తర్వాత హల్లర్లు తీసేసి ఊక వేరు, తవుడు వేరు, నూక వేరుగా వచ్చే ఆధునిక మిల్లులు పెట్టమని ఒత్తిడి మొదలైంది. వేరుచేయడం అన్నదే ఇక్కడ అసలు సంగతి. కలిసి ఉన్నంతసేపు అది పశువుల దాణా. విడగొడితే నాలుగు సరుకులు, నాలుగు బజార్లు.

ఇక ఉప్పుడు బియ్యం. దీని కథ మిర్యాలగూడలో మొదలు కాలేదు.

వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబోసి, అప్పుడు దంచడం బెంగాల్, తమిళనాడు, కేరళ ఇల్లాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. తెలుగువాళ్లం పచ్చిబియ్యం మనుషులం. ఆ రుచికి మన పూర్వీకులు పెద్ద మూల్యమే చెల్లించారు. మద్రాసులో పనిచేసిన కంపెనీ వైద్యుడు జాన్ మాల్కమ్సన్ 1835లో బెరిబెరి మీద పుస్తకం రాశాడు. కాళ్లు చచ్చుబడి, ఒళ్లు ఉబ్బి చంపే ఆ జబ్బుకు ఉత్తర సర్కారు జిల్లాలు పేరుపడ్డాయి. కారణం ఎవరికీ తెలియదు. 1890లలో జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మేసిన కోళ్లు కాళ్లీడుస్తున్నాయని, ముడిబియ్యం పెడితే లేచి తిరుగుతున్నాయని గమనించాడు. తవుడుతో పాటు పోతున్న బి1 విటమిన్ అది. 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఉప్పుడు బియ్యం చేసేటప్పుడు ఆ విటమిన్ కొంత నీళ్లతో గింజ లోపలికి దిగి నిలిచిపోతుంది, ఎంత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. అందుకే తమిళ పల్లెల్లో లేని జబ్బు మన తీరంలో ఉండేది. ఆ పరిశోధన కోసమే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న ఆఫీసు తెరిచాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో దాని గేటు ముందు నుంచి రోజూ వెళ్లే వాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ సంస్థ పుట్టుకకు కారణం బియ్యపు గింజే.

ఈ ఇల్లాళ్ల విద్యను డబ్బుగా మార్చినవాళ్లు వేరే. 1930లు, 40లలో ఎరిక్ హుజెన్‌లాబ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వడ్లకు ఆవిరిపట్టే పద్ధతి మీద పేటెంట్లు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో దానికో కంపెనీ పుట్టి, అమెరికా సైన్యానికి బియ్యం సరఫరా చేసింది. యుద్ధం తర్వాత అదే అంకుల్ బెన్స్ పేరుతో దుకాణాలకెక్కింది. వడ్లు ఉడకబెట్టడం కొత్త కాదు. ప్రతి గింజా ఒకేలా ఉడకాలి, నెల తర్వాత వచ్చే డబ్బా కూడా అలాగే ఉండాలి. కొత్తదనమంతా అందులో ఉంది.

మన దగ్గర ఆ పని చేసింది మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, సీఎఫ్‌టీఆర్‌ఐ. పాత పద్ధతిలో వడ్లు చల్లటి నీళ్లలో రెండు మూడు రోజులు నానేవి, పులిసేవి, అన్నం వాసన వేసేది. మైసూరు వాళ్లు డెబ్బై డిగ్రీల వేడి నీళ్లలో మూడు నాలుగు గంటలు నానబెడితే చాలన్నారు. వాసన పోయింది, మూడు రోజుల పని ఒక పూటకు వచ్చింది. మిల్లువాడికి అన్నిటికంటే నచ్చింది ఇదే అయుంటుంది. మూడు రోజులు నీళ్లలో పడి ఉన్న పెట్టుబడి మధ్యాహ్నానికల్లా బయటికి వస్తుంది.

ఆ పని దగ్గరి నుంచి చూడాలని ఆ మధ్య మిర్యాలగూడ దాటి ఒక మిల్లుకు వెళ్లాను. మెట్లెక్కితే పెద్ద ఇనుప ట్యాంకులు, వేడి గంజి వాసన, చెమట. ట్యాంకు కింద మూత తీసి గుప్పెడు వడ్లు చేతిలోకి తీసుకున్నాడు బాయిలర్ చూసే పెద్దాయన. అరవై దాటి ఉంటాడు. గింజ నోరు తెరిచిందా లేదా చూశాడు. ఆవిరి సరిగ్గా పడితే పొట్టు కుట్టు దగ్గర సన్నగా విచ్చుకుంటుంది. ఒక గింజను గోటితో నడిమికి విరిచి వెలుతురుకు పెట్టాడు. లోపల అద్దంలా ఉంది. నడుమ తెల్లచుక్క మిగిలితే ఉడకలేదన్నట్టు. ‘మీటర్లున్నయి గద పెద్దాయనా’ అన్నాను. ‘ఉంటయి సార్. మీటరుకు వడ్లు తెల్వది, నీళ్లే తెల్సు. ఎక్కడి వడ్లో, ఎన్ని రోజులైందో, వానకు తడిసినయో లేదో నేను చూస్కోవాలె గద’ అన్నాడు. ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు పక్కనే నిలబడి ఆ గోటివైపే చూస్తున్నాడు. సర్టిఫికెట్ లేని ఐటీఐ అది.

ఉడికిన పిండిపదార్థం గింజలోని బీటలను అతికేస్తుంది. ఈ ఒక్క వాక్యంలో తెలంగాణ యాసంగి రాజకీయమంతా ఉంది. యాసంగి వరి ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తుంది. పగటి సెగకూ రాత్రి చల్లదనానికీ గింజ లోపల కంటికి కనపడని పగుళ్లు పడతాయి. పచ్చిబియ్యంగా ఆడితే నూకలే నూకలు. ఉప్పుడు చేస్తే నిండుగింజ వస్తుంది. పైగా ఎలాగూ నానబెట్టేదే కనుక కోతమిషన్ కింద నుంచి నేరుగా ట్రాక్టరెక్కి వచ్చిన పచ్చి వడ్లను కూడా మిల్లు కొనగలదు. మిర్యాలగూడ మిల్లుల ముందు సీజన్‌లో కిలోమీటర్ల కొద్దీ నిలబడే ట్రాక్టర్ల వరసకు కారణం అదే. టోకెన్ల కోసం రాత్రంతా కాపలా కాసిన రైతుకు ఈ శాస్త్రమంతా విసుగు తెప్పిస్తుందనుకోండి, అది వేరే సంగతి.

వడ్లు ఆరబెట్టడం ఒకప్పుడు ఆడవాళ్ల పని. సిమెంటు కల్లం మీద మోకాలి దాకా చీర ఎగ్గట్టి, ఉడుకు వడ్లలో పాదాలతో చాళ్లు తీస్తూ నడిచేవాళ్లు. ఎండ ఎక్కువైతే గింజ పగులుతుంది, తక్కువైతే బూజు పడుతుంది. ఎప్పుడు తిరగేయాలో, ఎప్పుడు కుప్పచేసి కాసేపు వదిలేయాలో అరికాలికి తెలిసేది. ఆ విద్యను డ్రయ్యర్ మింగేసింది. మిల్లుల్లో దాన్ని ఎల్‌ఎస్‌యూ అంటారు. ఏమిటా ఎల్‌ఎస్‌యూ అని అడిగితే నాకు మూడు మిల్లుల్లో ఎవరూ చెప్పలేదు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ. 1949లో అక్కడ తయారైన నమూనా. అమెరికా విశ్వవిద్యాలయం పేరు మిర్యాలగూడలో హమాలీ నోట రోజుకు యాభై సార్లు పలుకుతోంది. డ్రయ్యర్ కూడా చేసేది కల్లం మీది పనే. తేమను ఒక్కసారిగా 14 శాతానికి దించరు. సగం ఆరాక ఆపి, గింజను కాసేపు స్థిమితపడనిచ్చి, మళ్లీ ఆరబెడతారు. అరికాలు చేసింది అదే గదా.

మిల్లు లోపలి మాటలు ఏరుకుంటూ పోతే ప్రపంచ చరిత్ర దొరుకుతుంది. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్లు జపాన్ వైపు నుంచి వచ్చాయి. హిరోషిమా దగ్గర సైజోలో రిఈచి సటాకే 1896లో జపాన్‌లో తొలి మరబియ్యం యంత్రం చేశాడు, ఆ ఇంటిపేరు ఇవాళ మిల్లుల యంత్రాల మీద కనిపిస్తుంది. బియ్యం మూటల మీద ‘సార్టెక్స్ క్వాలిటీ’ అని ఎర్రక్షరాల్లో చూస్తాం. సార్టెక్స్ ఒక గుణం కాదు, కంపెనీ పేరు. 1947లో లండన్‌లో పుట్టి, 1993లో స్విట్జర్లాండ్ బ్యూలర్ చేతికి పోయింది. జారుతున్న గింజల వరసను కెమెరా కళ్లతో చూసి, నల్లగింజ కనపడగానే ఒక్క ఊపు గాలితో పక్కకు ఊదేస్తుంది. ఇప్పుడు చైనావి, కోయంబత్తూరువి కూడా వచ్చాయి. అయినా మిల్లులో దాన్ని సార్టెక్స్ అనే పిలుస్తారు.

మిషను కొన్నంత మాత్రాన అయిపోదు. చూపు మరీ చురుగ్గా పెడితే నల్లదాంతో పాటు నాలుగు మంచి గింజలు ఎగిరిపోతాయి, ఆ రోజు లాభం చెత్తలో పడ్డట్టే. మందంగా పెడితే పురుగు కొరికిన గింజ మూటకెక్కుతుంది, కొన్నవాడు లారీ వెనక్కి పంపుతాడు. కేరళ వాడికి ఒక రంగు కావాలి, తమిళుడికి ఒకటి, పశ్చిమ ఆఫ్రికాకు పోయేదానికి ఒకటి. ఆవిరి ఒక ఐదు నిమిషాలు ఎక్కువైతే బియ్యం పచ్చబడుతుంది. ఒకరికి అది వంక, ఇంకొకరికి అదే వన్నె. మలయాళీలు ఇప్పటికీ ‘ఆంధ్రా జయ’ అని అడుగుతారు. జయ అన్నది 1968లో హైదరాబాద్ కేంద్రంగా నడిచే అఖిల భారత వరి పరిశోధన పథకం విడుదల చేసిన రకం. మన రైతులు దాన్ని దాదాపు మరిచిపోయారు, వాళ్ల నాలుక మరవలేదు. ఎవరి నాలుకకు ఏమి కావాలో గుర్తుపెట్టుకోవడం సగం వ్యాపారం.

మిగిలిన సగం బియ్యం కానిదాంట్లో ఉంది. క్వింటా వడ్లకు ప్రభుత్వం అడిగేది 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడైతే 68. మిగతాది ఊక, తవుడు. ఊక అదే మిల్లు బాయిలర్ కింద మండుతుంది, అంటే గింజ తన పొట్టుతో తానే ఉడుకుతుంది. తవుడు సంగతి ఇంకా ముచ్చట. పచ్చిబియ్యం తవుడు ఆడిన గంటల్లోనే నూనె చెడడం మొదలవుతుంది. ఉప్పుడు వడ్లకు ఆవిరి తగిలి, చెడగొట్టే ఎంజైము ముందే చచ్చిపోతుంది. నూనె కూడా ఎక్కువ దిగుతుంది. సాల్వెంట్ ప్లాంట్ల వాళ్లు దానికి ఎక్కువ ధర పెడతారు. హల్లర్ కాలంలో గేదె ముందు పోసిన సరుకు ఇవాళ వంటనూనె సీసాలో ఉంది. కానీ ఊకబూడిద మాత్రం ఇప్పటికీ మిద్దెల మీద ఆరేసిన బట్టల మీద, బండి నడిపేవాడి కళ్లలో పడుతూనే ఉంది. దానికి కొనేవాడు దొరికితే తప్ప మిల్లుకు అది కనపడదేమో.

పేట వడ్లు కొంటుంది, మిర్యాలగూడ ఆడుతుంది, కోదాడ సరిహద్దు దాటిస్తుంది అని పాత వ్యాపారులు అంటారు. మరీ చక్కగా పంచినట్టుంది గానీ కొంత నిజం ఉంది. సూర్యాపేట మార్కెట్ యార్డులో కుప్పల ముందు కూర్చుని గుప్పెట్లో తేమ తూచే ఖరీదుదారుల విద్య వేరు. కోదాడ దాటగానే రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర చెక్‌పోస్టు. 2014 దాకా అది రోడ్డు మీద మామూలు మలుపు. ఇప్పుడు సీజన్ వస్తే ఆ పక్క వడ్లు ఈ పక్కకు రాకుండా పోలీసు కాపలా. రెండు ప్రభుత్వాల మద్దతు ధర ఒకటే అయినా బోనసు వేరు, కొనే వేగం వేరు. సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. గింజకు ఈ గీతలేవీ తెలియవు.

మూట ఎత్తేది ఎవరు? ఒకప్పుడు చుట్టుపక్కల తండాల, పల్లెల హమాలీలు. ఇప్పుడు చాలా మిల్లుల్లో బిహారీలు. దీన్ని మరిచిపోలేని విధంగా చూపిన రోజు 2020 మే 8. లాక్‌డౌన్‌లో దేశమంతా కూలీలు ఇళ్లవైపు నడుస్తుంటే, బిహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక రైలు ఎదురు వచ్చింది. అందులో రెండు వందలకు పైగా హమాలీలు. యాసంగి వడ్లు కల్లాల్లో ఉన్నాయి, మూట లేపే మనిషి లేడు. స్టేషన్‌లో మంత్రులు ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. అక్కణ్నుంచి బస్సుల్లో మిర్యాలగూడతో సహా మిల్లులున్న ఊళ్లకు పంపారు. హమాలీ పనికి నైపుణ్యం అక్కర్లేదని ప్రభుత్వ కాగితాల్లో రాసుకుంటాం. నైపుణ్యం అక్కర్లేని మనిషికోసం రైలు వేస్తారా? యాభై కిలోల మూటను నడుము విరగకుండా ఎత్తి, ఇరవై వరసల దొంతి కూలకుండా పేర్చడం ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది. నేను ప్రయత్నించాను. రెండో మూట దగ్గరే ఆగిపోయాను, వాళ్లు నవ్వారు, మంచినీళ్లిచ్చారు.

ఇంత విద్య ఉన్న ఊరు ప్రపంచం ముందుకు ఎందుకు నేరుగా పోలేదు? నా లెక్కలో కారణం ఒకే ఒక్క పెద్ద కొనుగోలుదారు. లెవీ కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మిల్లర్లు ఆడిన దాంట్లో 75 శాతం భారత ఆహార సంస్థకే ఇవ్వాలి. 2015లో లెవీ పోయినా, ప్రభుత్వం వడ్లు కొని మిల్లుకిచ్చి బియ్యం తీసుకునే కస్టమ్ మిల్లింగ్ ఉండిపోయింది. సీఎంఆర్ అంటారు. ధర ఖాయం, కూలి ఖాయం, కొనేవాడు పారిపోడు. ఆ సుఖంలో పడి ఎవరి నాలుకకు ఏమి కావాలో కనుక్కునే తీరిక పోయింది. గోదాము ఏది తీసుకుంటే అదే మంచి బియ్యం. 2021లో ఆహార సంస్థ ఉప్పుడు బియ్యం ఇక వద్దంది. నిల్వలు పేరుకున్నాయి, తినే రాష్ట్రాలు తామే చేసుకుంటున్నాయి అంది. ఆ అక్టోబరులో రాష్ట్రం ఇకపై ఇవ్వబోమని రాసిచ్చింది. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీ తెలంగాణ భవన్‌లో దీక్షకు కూర్చున్నారు. మర్నాడు రాష్ట్రమే వడ్లన్నీ కొంటుందని ప్రకటించారు. పార్టీల వాదన ఎవరిదైనా, మిర్యాలగూడ బాయిలర్లకు ఆ ఏడాది కొత్త సంగతి తెలిసింది. తాము తినని బియ్యాన్ని కొనేవాడు కూడా ఒకరోజు వద్దనగలడు.

సముద్రం వైపు దారి మాత్రం మూసి లేదు. 2007లో కేంద్రం బాస్మతేతర బియ్యం ఎగుమతి ఆపి, 2011 సెప్టెంబరులో మళ్లీ తెరిచింది. సరిగ్గా నెల తిరక్కుండా థాయిలాండ్‌లో యింగ్లక్ ప్రభుత్వం తన రైతులకు టన్నుకు 15,000 బాట్లు ఇస్తామని వడ్లు కొనడం మొదలుపెట్టింది. థాయి బియ్యం ధర ఆకాశానికెక్కింది. నైజీరియా, బెనిన్ వంటి దేశాల ఉప్పుడు బియ్యం బజారు మన చేతికి వచ్చింది. 2012 నాటికి ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో భారత్ ముందుకెళ్లింది, ఆపైన 2021-22లో 2 కోట్ల 12 లక్షల టన్నులు పంపింది. మన లారీలు మూడు వందల కిలోమీటర్ల పైన పరుగెత్తి కాకినాడ చేరతాయి. అక్కడ యాంకరేజ్ రేవులో ఓడలు హోప్ ఐలాండ్ చాటున సముద్రంలోనే నిలబడతాయి, బియ్యం బార్జీల మీద వెళ్లి ఎక్కుతుంది. బెనిన్ చిన్న దేశం. అది దిగుమతి చేసుకునే బియ్యమంతా అక్కడే తినాలంటే మనిషికి రెండు పొట్టలుండాలి. మిగిలింది సరిహద్దు దాటి నైజీరియాకు పోతుంది. 2019 ఆగస్టులో నైజీరియా సరిహద్దు మూసినప్పుడు మన రేవులో ధర కదిలింది.

2023 జులై 20న పచ్చిబియ్యం ఎగుమతి నిషేధించారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. ఆ జులైలో అమెరికాలోని మన దుకాణాల్లో సోనామసూరి సంచుల కోసం తెలుగువాళ్లు తోసుకున్న వీడియోలు అందరం చూశాం. వాళ్లు కొన్నది మసూరి పేరే. ఆ పేరు మోసే రకాల్లో ఒకటైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో 1986లో విడుదలైన రకం. దాని పుట్టుకలో కోయంబత్తూరు జీఈబీ 24 ఉంది, తైవాన్ టీఎన్ 1 ఉంది, మలేషియా నుంచి వచ్చిన మసూరి ఉంది. బాపట్ల శాస్త్రజ్ఞుల శ్రమకు సంచి మీద చోటు లేదు. మిర్యాలగూడ పేరుకూ లేదు. ఏనుగు బొమ్మో గులాబీ బొమ్మో ఉంటుంది, కింద ఎక్కడో దిగుమతిదారు చిరునామా. గింజ పండించినచోట గింజ ధర మిగిలిందని ఆముదం దగ్గర అన్నాను. వడ్ల కాలంలో ఊరు ఒక మెట్టెక్కింది. ఉడకబెట్టే కూలీ, ఆడే కూలీ, తవుడు ధర కూడా ఇక్కడే మిగులుతున్నాయి. సంచి మీద పేరు దాకా మాత్రం చేయి అందలేదు. ‘మేం పేరు పెడితే పంపిన ప్రతి గింజకూ మేమే పూచీ పడాలి గదండీ’ అన్నాడు ఒక మిల్లు యజమాని. అబద్ధం చెప్పలేదు. పూచీ పడడం కూడా నేర్చుకోవాల్సిన పనితనమే, దానికి బాయిలర్ కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

2024 అక్టోబరుకు సుంకాలూ ఆంక్షలూ తీసేశారు. 2025 మార్చి 30న ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకు సన్నబియ్యం పథకం మొదలైంది. దొడ్డు బియ్యం ఇక్కడివాళ్లు తినడం లేదన్న సంగతిని ప్రభుత్వం ఒప్పుకున్న రోజనుకోవచ్చు. మర్నాడు, మార్చి 31న, పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి కాకినాడ రేవులో ఉన్నారు. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఆయనే. ఫిలిప్పీన్స్‌తో కుదిరిన 8 లక్షల టన్నుల ఒప్పందంలో తొలి విడతగా 12,500 టన్నుల ఓడకు జెండా ఊపారు. అందులో ఉన్నది ఎంటీయూ 1010, మనం వద్దనుకున్న దొడ్డు రకం. మారుటేరులో కృష్ణవేణిని ఐఆర్ 64తో కలిపి పుట్టించింది. ఆ ఐఆర్ 64 పుట్టింది ఫిలిప్పీన్స్‌లో, మనీలాకు కాస్త దూరంలోని లాస్ బానోస్ పరిశోధన క్షేత్రంలో. ఓడ ఆ దిక్కుకే కదిలింది.

(వచ్చే వారం: మట్టపల్లి సున్నపురాయి, సిమెంటు గొట్టాలు)